రేస్ నడిచేది జెండా పట్టుకున్నోని మీద

(హనుమకొండల కుర్ర రైడర్లు పెట్టుకున్న మీటింగ్‌ల ఒక పెద్దాయన మాట్లాడింది, రికార్డింగ్ విని టైప్ చేసినం)

అందరికి నమస్తే. పెద్దలకు, తమ్ముళ్లకు, ముందు వరుసల కూసున్న చెల్లెండ్లకు. నన్ను పిలిచిన పిల్లలు ఫోన్ల అడిగింది ఏందంటే, సార్ మీరు ఎన్ని కప్పులు కొట్టిన్రు, ఎంత స్పీడుల పోయిన్రు, అవన్ని చెప్పుండ్రి అని. ఆ ముచ్చట్లు కూడా వస్తయి తియ్యిండ్రి. నేను బైకుల మీద మొదలువెట్టి, కార్లు తోలి, యాభై దాటినంక తెరచాప పడవ ఎక్కినోన్ని, జీతం లేదు, ఎనుక కంపెనీ లేదు, అంత సొంత పైసలే. ఇన్నేండ్లల్ల నాకు గట్టిగ అర్థమైంది ఒక్కటే, రేస్ మొత్తం మలుపు కాడ జెండా పట్టుకొని నిలవడ్డోని మీద నడుస్తది. వాడు నిలవడితెనే అది రేస్ అయితది. ఇయ్యాల నా మాటలన్ని దాని చుట్టే తిరుగుతయి, నడుమ జర అటు ఇటు పోతే ఏమనుకోకుండ్రి.

మాది నర్సంపేట దిక్కు, పాకాల ఆయకట్టు కింది ఊరు. కాకతీయుల గణపతిదేవుని కాలంల కట్టిన చెరువు, ఇప్పటికి పొలాలకు నీళ్లిస్తున్నది. మేము ఎండిన సొరకాయ బుర్రలు నడుముకు కట్టుకొని ఈత నేర్చుకున్నం, జర పెద్దగైనంక చేపలు పట్టేటోళ్ల తెప్పల మీద పందాలు. నా మొదటి రేసులు అవే, ఇంజన్ లేదు పెట్రోల్ లేదు, చేతుల తెడ్డు ఒక్కటే. ఒక ముసలాయన వలలు అల్లుకుంట కట్ట మీద కూసునేటోడు, ఆయన భుజం మీది తువ్వాల దించితెనే పందెం షురు. ఎవడన్న తెప్ప మీదికెళ్లి జారితే అదే తువ్వాల ఊపేటోడు, ఊపితే అందరు తెడ్లు పైకెత్తాలె, ముందున్నోడైనా సరే. ఎత్తనోన్ని ఆ ఎండాకాలం మొత్తం తెప్ప ఎక్కనియ్యకపోయేది. గెలిచే దగ్గరికొచ్చి తెడ్డు ఎత్తాల్నంటే పిల్లగాండ్లకు పానం ఒప్పుతదా, ఒప్పది, ఏడ్చుకుంట ఎత్తేటోళ్లం. ఆయన కాడ మేము ఏర్పాటుగ నేర్చుకున్నదేం లేదు, గాని నేను తర్వాత ఏ ట్రాక్ మీదికి పోయినా జెండా ఊపంగనే చెయ్యి దానంతట అదే థ్రాటిల్, అంటే గ్యాస్ పిడి, ఇడిసిపెట్టేది.

తర్వాత నాయినకు కాజీపేట లోకో షెడ్డుల పని దొరికితే సంసారం అంత కాజీపేటకొచ్చినం. నాయిన ఫిట్టరు. ఆకురాయి ఎట్ల పట్టాలె, సన్న కొలతలు తీసే వెర్నియర్ ఎట్ల చదవాలె, బోల్ట్ ఎంత బిగిస్తే సరిపోతదో చెయ్యికి ఎట్ల తెలుస్తది, ఇవన్ని ఇంట్ల అన్నం తిన్నంత మామూలుగ వచ్చినయి నాకు. రేసింగ్ అంటే మీకు హ్యాండిల్ పట్టుకున్నోడు కనవడతడు, నాకు ముందు ఆకురాయి కనవడతది.

1983ల రాజ్‌దూత్ 350 వచ్చింది, 347 సీసీ, రెండు సిలిండర్లు, అప్పట్ల మన రోడ్ల మీద అసొంటి బండి ఇంకోటి లేదు. దాన్ని కొనే తాకత్ నా అసొంటోళ్లకు ఎక్కడిది, పైగ పెట్రోల్ మస్తు తాగేది. 1985ల యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చినంక మా అందరి పంట పండింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్, బోర్ 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ కూడా 50 మిల్లీమీటర్లే, బండి మొత్తం తూగితే వంద కిలోల చుట్టుముట్టు. ఆ చిన్న ఇంజన్ మీద నేను ఎన్ని రాత్రులు కూసున్ననో చెప్పలేను. టూ స్ట్రోక్ ఇంజన్‌కు ఫోర్ స్ట్రోక్ తీరు పైన వాల్వులు ఉండయి, సిలిండర్ గోడకే కిటికీలుంటయి, వాటిని పోర్టులంటం. పిస్టన్ కిందికి దిగుకుంట ముందు ఎగ్జాస్ట్ పోర్ట్ తెరుస్తది, పొగ పోతది, తర్వాత పక్కన ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుస్తది, కొత్త పెట్రోల్ గాలి లోపటికొస్తది. ఎగ్జాస్ట్ పోర్ట్ పై అంచును సన్న ఆకురాయితోని అర మిల్లీమీటర్ లేపితే పైన ఆర్‌పీఎంల, అంటే ఇంజన్ జోరుగ తిరిగేటప్పుడు, పవర్ పెరుగుతది, కింద తగ్గుతది, అంటే ట్రాక్ మీద బాగుంటది, చౌరస్తల ట్రాఫిక్‌ల మొండికేస్తది. ఇంకొకటి, రుద్దినంక ఆ అంచు పదునుగ ఉంచితే పిస్టన్ రింగ్ దానికి తట్టి విరుగుతది, విరిగిన ముక్క సిలిండర్ మొత్తం గీకుతది. అందుకే చివరికి అంచు గుండ్రంగ తీయాలె, వేలు పెట్టి నిమిరితే ఎక్కడ గోరు తట్టొద్దు. నాయిన కండ్లు మూసుకొని నిమిరి చూసేటోడు, ఊ అంటేనే సిలిండర్ ఎక్కించేది.

సైలెన్సర్ ముచ్చట చెప్పకపోతే నాకు నిద్రవట్టది. రేసుకు పెట్టే పైపును ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ అంటరు, నడుమ లావుగ ఉండి చివరికి సన్నగైతది. మేము రేకు కోసి, చుట్టి, కోన్లు చేసి గ్యాస్ వెల్డింగ్ పెట్టించేది. అండ్ల పని ఏందంటే, ఇంజన్‌లకెళ్లి దూకిన ఒత్తిడి పైపుల ఉరికిపోయి చివరి కోన్‌కు తాకి, గోడకు కొట్టిన బంతి తీరు ఎనుకకొస్తది. వచ్చి, బయటికి జారిపోతున్న కొత్త పెట్రోల్ గాలిని మళ్ల సిలిండర్‌లకు నూకుతది. సరిగ్గ పోర్ట్ మూసుకునే ముందు రావాలె అది, ఆ టైమింగ్ అంత పైపు పొడుగు మీద ఉంటది, కొంచెం పొడుగైతే ఒక ఆర్‌పీఎంల కొడుతది, పొట్టిగైతే ఇంకో ఆర్‌పీఎంల. లెక్క రాసుకొని కోసినా చివరికి బండి ఎక్కి చూస్తెనే తెలుస్తది.

ఇగ షోలవరం. మద్రాస్ దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే, దాని మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బోళ్లు రేసులు పెట్టేది. వరంగల్ స్టేషన్ల జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటోళ్లం, బండి రైలు సామాన్ల డబ్బా, బ్రేక్ వ్యాన్‌ల వేసేది. ట్యాంక్ ఖాళీ చేసి, గోనె సంచులు చుట్టి, సుతిలితోని కుట్టి, మీద పెయింట్‌తోని పేరు ఊరు రాసి. మద్రాస్‌ల దిగంగనే ముందు హ్యాండిల్ వంగిందా, లీవర్ విరిగిందా అని గోనె చింపి చూసుకునుడే. పాత కాంక్రీట్, పక్కల గడ్డి మోపులు, ఇసుక వేస్తే రాలనంత జనం. అక్కడ గాలిల ఒక వాసన ఉండేది, కాల్చిన ఆముదం వాసన. రేసింగ్ ఇంజన్లల్ల ఆముదం నూనె వాడేది పాతకాలం కెళ్లి, ఎంత వేడెక్కినా అది లోహాన్ని ఇడిసిపెట్టది. ఇంజన్ ఆయిల్ అమ్మే క్యాస్ట్రాల్ అనే పేరు కూడా ఆ ఆముదం ఇంగ్లిష్ పేరుకెళ్లే వచ్చింది. మన పాలమూరు నల్లగొండ చెల్కలల్ల పండే ఆముదాలు అవి, ఆ వాసన రాంగనే నాకు కొత్త జాగల ఉన్నట్టే అనిపియ్యలే.

షోలవరంల నేను నేర్చుకున్న పెద్ద చదువు స్పార్క్ ప్లగ్ చదువుడు. ఫుల్ థ్రాటిల్‌ల సీదా దారంత పోయి, ఒక్కసారే క్లచ్ పట్టి ఇంజన్ బంద్ చేసి, బండి దానంతట అది ఆగేదాక ఉండి, ప్లగ్ విప్పి చూడాలె. పింగాణి కాఫీపొడి రంగుంటే పెట్రోల్ సరిపోతున్నట్టు, తెల్లగుంటే తక్కువైతున్నట్టు, నల్లగ తడిగుంటే ఎక్కువైతున్నట్టు. పొద్దుగాల చల్లగాలి చిక్కగుంటది, అండ్ల ఆక్సిజన్ ఎక్కువ, అదే మెయిన్ జెట్‌తోని, అంటే కార్బురేటర్‌ల పెట్రోల్ వచ్చే సన్న బొక్కతోని, పెట్రోల్ తక్కువ పడ్డట్టయితది. పగటి ఎండకు గాలి పల్చనైతది, అప్పుడు పెట్రోల్ ఎక్కువైతది. పొద్దుగాల ప్రాక్టీస్‌కు ఒక జెట్టు, మధ్యాహ్నం రేసుకు ఇంకో జెట్టు. పెట్రోల్ తక్కువైతే పిస్టన్ వేడికి ఉబ్బి సిలిండర్‌కు పట్టేస్తది, ఎనుక టైరు లాక్, ఎక్కడిదక్కడ ఎగిరి పడుడే. అందుకే ఎడమచెయ్యి రెండు వేళ్లు ఎప్పటికి క్లచ్ లీవర్ మీద ఉంటయి, ఇంజన్ గొంతు జర మారంగనే వేళ్లు ముడుచుకోవాలె, ఆలోచించే టైముండదు. ఇగో చూడుండ్రి, ఇప్పుడు మైక్ పట్టుకున్నా ఆ రెండు వేళ్లు బయటికే ఉన్నయి.

ఒకసారి నా ముందల పోయెటోని ఇంజన్ అట్లనే పట్టేసింది. పడ్డడు. నేను వాని మీదికెళ్లి పోవాల్సింది. నాకు వాడు కనవడకముందే మలుపు కాడ ఒకాయన పసుపు జెండా ఊపుతున్నడు, తెల్ల అంగి, నెత్తికి రుమాలు, ఎండల నిలవడి నిలవడి మొఖం నల్లగైంది. నేను ఆ జెండా చూసి గ్యాస్ ఇడిసి పక్కకు తీసిన, పడ్డ పిలగాడు లేచి కుంటుకుంట గడ్డి మోపుల దిక్కు పోయిండు. సాయంత్రం ఆయన్ను ఎతుక్కుంట పోతే చాయ్ తాగుతున్నడు, బ్యాంకుల పని చేస్తడట, ఆదివారం సెలవుల వచ్చి జెండా పడుతడట, పైసలు తీసుకోడట. ఆయన పేరు కూడా నాకు గుర్తులేదు గాని, నేను నలభై ఏండ్ల సంది బతికున్ననంటే అండ్ల ఆయన వాటా ఉన్నది.

మన దగ్గర అదే రోజులల్ల ఏమైందో కూడా చెప్పాలె. నాకొక దోస్తు ఉండె, నాకంటే మంచి రైడర్, ఆ మాట నేను ఎవ్వల ముందైనా అంట. వాడు హంటర్ రోడ్డు మీద రాత్రి పూట పందానికి దిగిండు. నేను ఆ రాత్రి ఊర్ల లేను. ఎదురుంగ లైటు లేని ఎడ్లబండి వచ్చింది. వానికి ముందల ప్రమాదముందని చెప్పెటోడు ఎవ్వడు లేడు ఆడ, అంతే, ఇంకేం లేదు. షోలవరంల నా ముందల జరిగిందే వానికి ఈడ జరిగింది, కాకపోతే ఈడ జెండా లేదు. వాళ్ల అమ్మ మొన్నటిదాక బతికే ఉండె, పండుగ పండుగకు పోయి కలిసేటోన్ని. ఇప్పుడు ఔటర్ మీద, బైపాస్ మీద మీ వయసు పిల్లలు రాత్రి పూట సైలెన్సర్ పీకి ఉరికిస్తుంటే నాకు చెవులల్ల ఆ శబ్దం పడంగనే కడుపుల తిప్పుతది. ఆ పిల్లలు చెడ్డోళ్లని నేను అనను. వాళ్లకు ఉన్నది నాకు ఉన్నదే. వాళ్లకు జాగ లేదు, జెండా లేదు.

జాగ అంటే వరంగల్ పక్కన మామునూరు గుర్తొస్తది. నిజాం కాలం నాటి ఎయిర్‌స్ట్రిప్, మేము సైకిళ్లు తొక్కుకుంట పోయి కంచె అవతలకెళ్లి చూసేది. షోలవరం కూడా ఎయిర్‌స్ట్రిప్పే కదా, మనకెందుకు కాదు అని మేము చాయ్ హోటల్‌ల కూసొని కాగితం మీద ట్రాక్ గీసుకునేది, ఈడ మలుపు, ఈడ జెండా పోస్టు, ఈడ అంబులెన్స్ అని. అది కాలేదు. ఇప్పుడు అది మళ్ల విమానాశ్రయం అయితున్నది, మంచిదే, ఊరికి కావాలె. ఎయిర్‌స్ట్రిప్ గొప్పతనం ఏందంటే తారు నునుపు ఒక్కటే కాదు, ఆడికి ఎడ్లబండి రాదు, బర్రె రాదు, బడి ఇడిసిన పిల్లలు రారు.

1990ల ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది, శ్రీపెరుంబుదూరు కాడ, 3.7 కిలోమీటర్లు, రేసుల కోసమే కట్టింది. ఆడ అంబులెన్స్ లేకుండ ఇంజన్ స్టార్ట్ చెయ్యనియ్యరు. ఉన్న అంబులెన్స్ ఎవర్నన్న తీస్కొని దవఖానకు పోతే, ఇంకోటి వచ్చి నిలవడేదాక రేస్ ఆగుతది. ఎండల గంట సేపు గ్రిడ్ మీద, రేస్ మొదలయ్యే గీత కాడ, కూసున్న రోజులున్నయి, ఒక్కడు కూడా సణగలే. ఆ కాలంల కోయంబత్తూరు కరివర్ధన్ గారు మారుతి 800 ఇంజన్‌తోని ఒక్క సీటు రేస్ కారు తయారు చేసిండు, ఫార్ములా మారుతి అని. మామూలోళ్లు కూడా ఫార్ములా కారుల కూసునే మోక ఆయన చేసిందే. నరైన్ కార్తికేయన్ అండ్లనే మొదలువెట్టి 2005ల ఫార్ములా వన్ దాక పోయిండు, మన దేశంకెళ్లి మొదటోడు. కరివర్ధన్ గారు అది చూడకముందే 1995ల పోయిండు.

కార్ల ముచ్చట జర జల్ది చెప్త. నేను ఎక్కువ చేసింది టీఎస్‌డీ ర్యాలీలు, టైమ్ స్పీడ్ డిస్టెన్స్. అండ్ల ఉరుకుడు ఉండదు, చెప్పిన యావరేజ్ స్పీడుల పోవాలె, ముందు చేరినా మార్కులు కోత, లేటైనా కోత. 36 కిలోమీటర్ల యావరేజ్ అంటే సెకనుకు పది మీటర్లు, కిలోమీటర్‌కు వంద సెకన్లు, పక్కన కూసున్న నావిగేటర్ అదే లెక్క తాపకోసారి చెప్పుకుంట రావాలె. మా ఆవిడ నాకు నావిగేటర్, ఆమె లెక్కల టీచర్, మా ఇంట్ల ఉన్న కప్పులల్ల సగం ఆమెవి. ప్రీమియర్ పద్మిని ఉండె, స్టీరింగ్ కాడ గేరు, ఎనుక చక్రాలు నూకే బండి, మొరం రోడ్డు మీద తోక జారుతది, జారినప్పుడు గాబరవడి బ్రేక్ తొక్కొద్దు, స్టీరింగ్ జారిన దిక్కే తిప్పాలె. తర్వాత మారుతి 800, ముందు చక్రాలు గుంజే బండి, దానికి ఇంకో చదువు. ములుగు, ఏటూరునాగారం దిక్కు ఎర్ర దుబ్బల ప్రాక్టీస్ చేసేది, పగటి పూటనే, ఆ రోజులల్ల అడవి దారిల రాత్రి తిరిగే పరిస్థితి లేకుండె.

యాభై దాటినంక నడుము నొప్పికి డాక్టర్ బైక్ వద్దన్నడు. ఊకె కూసునుడు నాతోని కాదు. హైదరాబాద్‌ల హుస్సేన్ సాగర్ మీద సెయిలింగ్ నేర్చుకున్న. లేజర్ అంటరు ఆ పడవను, నాలుగు మీటర్ల జర పైన పొడుగు, ఏడు చదరపు మీటర్ల తెరచాప, ఒక్కడే మనిషి. గాలి కొడితే పడవ ఒరుగుతది, కాళ్లు పట్టీల కింద పెట్టి నడుము మొత్తం నీళ్ల మీదికి వేలాడేసి దాన్ని సాపు చేయాలె. గాలికి ఎదురు సీదగ పోలేం, అటొకసారి ఇటొకసారి తిప్పుకుంట పోవాలె, ఎవడు గాలి మారుడు ముందు చూస్తడో వాడు ముందుంటడు. నీళ్ల మీద గీతలు పడుతయి గాలొచ్చే ముందు, అది పాకాల కట్ట మీద చిన్నప్పుడు చూసిందే, యాభై ఏండ్లకు పనికొచ్చింది.

సెయిలింగ్‌ల నాకు పానం పెట్టాలనిపించింది ఆ రూల్స్ కాడ. రెండు పడవలు ఎదురైతే, కుడి పక్కకెళ్లి గాలి వస్తున్న పడవకు హక్కు, రెండోడు తప్పుకోవాలె. తప్పుకోక అడ్డమొచ్చినవనుకో, జెండా ఊపెటోని కోసం ఎదురు చూసుడు లేదు, నీకు నువ్వే ఆడ్నే పడవను రెండు చుట్లు తిప్పాలె, అందరు నిన్ను దాటిపోతరు. బోయకు, అంటే మలుపు గుర్తుకు నీళ్లల్ల తేలే బుంగకు, తాకితే ఒక చుట్టు. ఎవ్వలు చూడకపోయినా తిప్పాలె. ఒక రెగట్టాల, అంటే పడవల పోటీల, పదిహేనేండ్ల పిల్ల ఫస్ట్ వస్తున్నది, బోయకు తెరచాప కింది కర్ర, బూమ్, చివర తాకింది, నేను తప్ప ఎవ్వలు చూసినట్టు లేదు, ఆ పిల్ల ఆగి చుట్టు తిప్పి మూడోది వచ్చింది. ఒడ్డుకొచ్చినంక ఏం జరగనట్టే తెరచాప మడుచుకుంటున్నది. జెండా పట్టుకున్నోడు మనిషి లోపలికే వచ్చి నిలవడ్డట్టు, అంత చదువు నేను ఇంకెక్కడ చూడలే.

2018 నవంబర్‌ల విజయవాడకు పోయిన, కృష్ణల ఎఫ్1హెచ్2ఓ పవర్‌బోట్ రేస్ పెట్టిన్రు. నాకు ఎందుకంత ఆత్రం అంటే ఆ పడవల్ల ఉండేది రెండున్నర లీటర్ల వీ6 టూ స్ట్రోక్ ఇంజన్, నేను కాజీపేటల ఆకురాయితోని రుద్దిన ఇంజన్ జాతే, నాలుగు వందల హార్స్‌పవర్ దాక. బ్రేకులుండయి, గేర్లుండయి. పడవ కింద రెండు పక్కల నడుమ సొరంగం, స్పీడుల గాలి దాంట్ల దూరి పడవను పైకి లేపుతది, నీళ్లకు తాకేది కొంచెమే. గాలి జర ఎక్కువ దూరితే ముక్కు లేచి ఎనుకకు బోల్తా కొడుతది. అందుకే ఆడ రెస్క్యూ బోట్లల్ల డైవర్లు గాలి సిలిండర్లతోని సిద్ధంగ కూసుంటరు, రేస్ మొత్తం. జనమంత పడవలు చూస్తున్నరు, నేను వాళ్లనే చూస్తున్న, తడిసిన సూట్లల్ల, మాస్కులు నెత్తిమీదికి ఎత్తుకొని, ఒక్కడు ఫోన్ తీయలే.

ఇప్పుడు నేను చేస్తున్నది అదే పని. ట్రాక్ మీద మార్షల్‌గ, అంటే జెండా పట్టుకునేటోన్నిగ, నిలవడుతున్న. ట్రాక్‌కు వీపు పెట్టి నిలవడొద్దు, ఇది మొదటి పాఠం, ఎంత పెద్ద ముచ్చట జరుగుతున్నా బండ్లు వచ్చే దిక్కే మొఖం. పసుపు ఊపితే ప్రమాదం, దాటొద్దు. పసుపుల ఎర్ర గీతలుంటే నూనో నీళ్లో పడి జారుతది. నీలం అంటే ఎనుక స్పీడు బండి వస్తున్నది, తొవ్వ ఇయ్యి. ఎర్రది అంటే అంత బంద్. 2011ల ఢిల్లీ దగ్గరి బుద్ధ్ సర్క్యూట్‌ల మన దేశంల మొదటి ఫార్ములా వన్, మొదటి ప్రాక్టీస్‌లనే ఒక కుక్క ట్రాక్ మీదికొస్తే ఎర్ర జెండా వేసి ఆపిన్రు, ప్రపంచంల అందరికంటే పెద్ద డ్రైవర్లు ఆగిన్రు. చానా మంది దాన్ని మన పరువు పోయిందన్నట్టు మాట్లాడిన్రు. నాకు మాత్రం గర్వమనిపించింది, చూసినోడు ఉన్నడు, చూడంగనే జెండా వేసిండు, కుక్క బతికింది, డ్రైవర్లు బతికిన్రు.

ఇగ మీ సంగతి. మీరు ఊరవతల గ్రౌండ్ మాట్లాడుకొని డర్ట్ రేస్, మట్టి మీద రేస్, పెట్టుకుంటమన్నరు, నాకు మస్తు సంబురమైంది. నలభై మంది రైడర్ల పేర్లు రాసుకున్నరు, జెండాకు ఎవ్వల పేరు లేదు. నేను వచ్చేది దాని కోసమే. ప్రతి మలుపుకు ఇద్దరు కావాలె, ఒకడు వచ్చే బండ్లను చూస్తడు, ఇంకోడు పడ్డోని కాడికి పోతడు. మంటలార్పే సిలిండర్ ఒకటి ప్రతి పోస్టుకు. అంబులెన్స్ డ్రైవర్‌తోని ఒకరోజు ముందే గ్రౌండ్ నుంచి ఎంజీఎం దవఖాన దాక దారి తిరిగి చూడాలె, గేటు ఎటు తెరుస్తరో, తాళం ఎవ్వల దగ్గరుందో. హెల్మెట్ పట్టీ నేను వేలు పెట్టి చూస్త, వదులుంటే ఎంత పెద్దోని కొడుకైనా గ్రిడ్ మీదికి పోడు. ఇంకా ముందుకు పోయేటోళ్లు మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ లైసెన్స్ తీస్కోవాలె, మెడికల్ సర్టిఫికెట్ పెట్టాలె, ఆ కాగితాలు ఎట్ల నింపాల్నో నేను కూసొని చెప్త. చెల్లెండ్లు, మీరు రైడింగ్‌కు పేరిచ్చిన్రా? ఇయ్యిండ్రి. బెంగళూరు ఐశ్వర్య పిస్సే 2019ల బాజా (రోడ్డు లేని దారుల మీద ర్యాలీ) వరల్డ్ కప్‌ల ఆడోళ్ల చాంపియన్ అయింది, ఎక్కడో ఆకాశంకెళ్లి దిగి రాలేదు ఆమె.

జెండాలు నా దగ్గర ఉన్నయి, సంచిల తెచ్చిన, ఐదు రంగులు. కర్రలు వెదురువి, మీరు మీ చేతికి సరిపోయేటట్టు కోసుకోవచ్చు. ఆదివారం పొద్దుగాల ఆరింటికి గ్రౌండ్ కాడికి రాండ్రి, ముందు బండ్లు లేకుండ నడుచుకుంట ట్రాక్ మొత్తం తిరుగుదం, ఏ మలుపు కాడ నిలవడితే ఎనుక మలుపు కనవడతదో చూసి సున్నంతోని గుర్తు పెడదం. పేర్లు ఈ కాపీల రాయుండ్రి. ఆ, ఎనుక చెయ్యెత్తిన తమ్ముడు, అడుగు బిడ్డా, జెట్టు గురించేనా?